పడవ లాగేవాళ్ల పాట

పడవ ప్రయాణాల గురించి ఎవరైనా కళ్లు అరమోడ్చి మాట్లాడటం మొదలుపెడితే నాకు లేచి వెళ్లిపోవాలనిపిస్తుంది. వెన్నెల, గట్టున కొబ్బరిచెట్లు, నీళ్ల చప్పుడు, మధ్యలో ఎవరో ఎత్తుకున్న రాగం. ఈ మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. చెప్పేవాళ్లు మారతారు గానీ మాటలు మారవు. అందరి తాతలూ పడవ ఎక్కినవాళ్లే. పడవ లాగిన తాత ఒక్కడూ ఆ కబుర్లలోకి రాడు, ఎందుకంటే ఆ తాత మనవలు మామూలుగా ఆ గదుల్లో ఉండరు. నేను ఉన్నాను. సింగపూర్‌లో, జురాంగ్ ఈస్ట్‌లో, మా ప్రాజెక్ట్ మేనేజర్ గారి సోఫాలో, మిక్చర్ ప్లేటు ఒళ్లో పెట్టుకుని ఉన్నాను.

రెండువేల సంవత్సరం వచ్చేస్తోందనీ, రాగానే కంప్యూటర్లన్నిటికీ మతి పోతుందనీ లోకం హడలిపోతున్న రోజులవి. ఆ హడలే మాకు అన్నం పెట్టింది. పాత కోబాల్ ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలు ఉన్నచోటల్లా నాలుగు అంకెలు పట్టేలా మార్చడం నా పని. అమీర్‌పేటలో మూడు నెలలు కోర్సు చేసిన ప్రతివాడికీ రెక్కలొచ్చిన కాలం. మా ఆఫీసులో సగం మంది తెలుగువాళ్లే. మేనేజర్ గారిని ఆఫీసులో సర్ అనేవాళ్లం, ఇంటికి పిలిచినప్పుడు అంకుల్ అనేవాళ్లం. ఆయనదీ మాదీ ఒకే జిల్లా. జిల్లా ఏమిటి, ఒకే కాలవ. వాళ్లది కాలవకి ఆ పక్క రైసు మిల్లున్న ఇల్లు. అది నాకు తెలుసు. నాది ఏ ఊరో ఆయనకి తెలియదు, అడిగితే దగ్గర్లోని టౌను పేరు చెప్పి ఊరుకున్నాను.

మా అమ్మ వాళ్ల నాన్న రాదారి పడవ మీద పనిచేసేవాడు. బస్సులు రాకముందు మా వైపు మనుషులూ, ధాన్యం బస్తాలూ, పెళ్లివారూ అందరూ కాలవల మీదే తిరిగేవారు. ఆనకట్ట కట్టిన దొరలు పొలాలకి నీళ్లివ్వడంతో ఊరుకోలేదు, అవే కాలవల్లో పడవలు కూడా నడిచేలా తవ్వించారు. నీళ్లు పల్లానికి దిగేచోటల్లా లాకులు పెట్టించారు. పడవ పట్టేంత తొట్టి, దానికి ముందో తలుపు, వెనకో తలుపు. తొట్టిలోకి నీళ్లు వదిలితే పడవ పైకి లేస్తుంది, బయటికి వదిలితే కిందికి దిగుతుంది. చూడ్డానికి ముచ్చటగానే ఉంటుంది, కాదనను. కానీ పడవ లాకు దాకా రావాలి కదా. ఇంజను లేదు. గాలి కలిసొస్తే తెరచాప ఎత్తుతారు. కలిసి రాకపోతే తెరచాప కొయ్యకి తాడు కట్టి, ఆ తాడు రెండో కొస భుజాన వేసుకుని, ఇద్దరో ముగ్గురో గట్టు వెంట నడుస్తూ లాగుతారు. గాలి ఎప్పుడోగాని కలిసిరాదు.

ఆ గట్టు సంగతి పడవ కబుర్లు చెప్పేవాళ్లెవరూ చెప్పరు. కాలవ పక్కనున్న ప్రతి ఊరికీ కాలవగట్టే దొడ్డి. తెల్లారకముందే ఊరంతా చెంబు పట్టుకుని వచ్చేది అక్కడికే. పడవ తెల్లారేసరికి టౌనుకి చేరాలి కాబట్టి లాగేవాళ్లు నడిచేదీ అప్పుడే, అక్కడే, ఒట్టి కాళ్లతో. పడవలోవాళ్లు పైకి, చుక్కల కేసి చూసేవారు. లాగేవాళ్లు కిందికి చూసేవారు, కాలు ఎక్కడ వెయ్యాలా అని. చూసి వేసినా పడేది. వేసవిలో కాలవలు కట్టేసినప్పుడు మాత్రం పడవలుండవు, ఆ నెలా రెండు నెలలూ బురదలో చచ్చిన చేపలూ, పగిలిన కుండలూ, కుక్క కళేబరాలూ తేలి, కంపుతో ఊళ్లు మత్తెక్కిపోయేవి. మా తాత వాళ్లకి కాళ్లు ఆరేది ఆ రెండు నెలలే.

తాతకి మగపిల్లలు లేరు. ఆయనతో కలిసి తాడు లాగే జతగాడు మంచాన పడ్డప్పుడల్లా మా అమ్మ తాడు పట్టింది. జతగాడు పోయాక, పెళ్లయ్యేదాకా అమ్మే పట్టింది. ఆవిడ కుడి భుజం మీద చర్మం ఇప్పటికీ మడమ చర్మంలా ఉంటుంది. రవిక కుట్టించుకోడానికి వెళ్తే దర్జీకి ఆ భుజం చూపించకుండా పాత రవిక ఆదికి ఇచ్చి వచ్చేది.

నాన్న పోయి ఏడాది గడిచాక అమ్మని విజిట్ పాసు మీద తీసుకొచ్చాను. నేను బుకిట్ బటోక్‌లో ఒక గది అద్దెకి తీసుకుని ఉండేదాన్ని. కిటికీలోంచి చూస్తే కింద కాంక్రీటు కాలవ. ఇక్కడివాళ్లు లొంకాంగ్ అంటారు. వాన పడితే నిండా పారుతుంది, వెలిసిన గంటకి అడుగు బయటపడి, పాచిపట్టిన చార మాత్రం మిగులుతుంది. అమ్మ వచ్చిన మర్నాడే దాన్ని చాలాసేపు చూసింది.

"ఇది కాలవంటావేంటే, గట్టేదీ దీనికి?" అంది.

"గట్టెందుకమ్మా, ఇందులో పడవలు తిరగవు."

"పోన్లే. ఎవరికీ లాగే పని లేదు," అంది.

మొదటి ఆదివారం నది ఒడ్డుకి తీసుకెళ్లాను. ఇక్కడి నది మొహం చూస్తే అది ఒకప్పుడు ముక్కు మూసుకుని దాటాల్సిన నది అని ఎవరూ అనుకోరు. బరువులు మోసే పడవలు ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా ఒకదాన్నొకటి ఒరుసుకుని నిలబడేవట. పడవల ముక్కుకి అటూ ఇటూ కళ్లు గీసి ఉండేవి, దారి చూసుకోడానికి. ఒంటిమీద గుడ్డ నిలవని కూలీలు ఇరుకు బల్లల మీద నడుస్తూ బస్తాలు ఒడ్డెక్కించేవారు. ఇప్పుడు గోదాములన్నీ బార్లయ్యాయి. పడవల్ని పంపించేశారు, కొన్నిటికి రంగులేసి, బల్లలు బిగించి, టూరిస్టుల కోసం ఉంచారు. కళ్లు మాత్రం కొత్తగా గీశారు. కూలీలవి కంచు బొమ్మలు చేసి ఒడ్డున నిలబెట్టారు. వాటి మెడల చుట్టూ చేతులేసి జనం ఫోటోలు తీయించుకుంటుంటే నాకు చీదరేసింది. బతికున్నప్పుడు ఆ మనిషి పక్కన ఎవరైనా అలా నిలబడ్డారా అని.

అమ్మ బొమ్మల్ని చూడలేదు. పడవల్నే చూస్తోంది.

"అందులో ఎక్కాలంటే ఏం చెయ్యాలే?"

"టిక్కెట్టు కొనాలి."

"కొంటే కూకోనిత్తారా?"

"టిక్కెట్టు కొన్నాక కూర్చోనివ్వక ఏం చేస్తారమ్మా?"

"ఏం లేదే. పుట్టి బుద్దెరిగి పడవలో కూకోలేదు. లాగేటప్పుడు గట్టు మీదుంటాం. గాలొచ్చినప్పుడు మీ తాత చుక్కాని దగ్గరుండేవోడు, నేను నీళ్లు తోడేదాన్ని. ముందు బల్ల మీద, అందరిలా కాళ్లు చాపుకుని కూకుని, ఓ పాలి ఈ కొస నించి ఆ కొస దాకా ఎల్లాలని ఉందే."

ముప్పై ఏళ్లలో అమ్మ నన్ను అడిగిన మొదటి కోరిక అది. అప్పుడే ఎక్కించి ఉండాల్సింది, కానీ మబ్బు కమ్మింది, ఉరిమింది, పడవలు ఆపేశారు. వచ్చేవారం వద్దాం అన్నాను.

ఆ వారంలోనే ఆఫీసులో ఇంకో పడవ సంగతి తెలిసింది. నా పక్క సీటులో ఒక ఇంగ్లీషాయన ఉండేవాడు. ఆయన కంప్యూటరు చుట్టూ సన్నటి పొడుగాటి పడవల ఫోటోలు. వాళ్ల దేశంలో కాలవల లాకులు ఇరుకట, అందుకని పడవలూ ఇరుకే. మంచం వేస్తే పక్కన మనిషి నడవడానికి చోటుండదు, పొడుగు మాత్రం బస్సుని మించి ఉంటుంది. తలుపుల మీద గులాబీలూ కోటలూ రంగుల్లో వేసుకుంటారు. సెలవలకి పెళ్లాంతో పోయి అందులో ఉంటాడట. ఒకప్పుడు బొగ్గు మోసిన పడవలవి. చివరనున్న అగ్గిపెట్టెంత గదిలో మొగుడూ పెళ్లాం పిల్లలూ కాపురాలు చేసేవారట. "చాలా ప్రశాంతంగా ఉంటుంది" అన్నాడాయన. ఎవరికి ప్రశాంతమో నేను అడగలేదు. ఎవరు లాగేవారు అని అడిగాను. గుర్రం అన్నాడు. గట్టు మీద గుర్రం నడుస్తూ లాగేదట. కొండ కింద సొరంగం వస్తే గుర్రాన్ని విప్పి కొండ మీదుగా తోలుకుపోయేవారట. మనుషులు పడవ మీద వెల్లకిలా పడుకుని, సొరంగం గోడల్ని పాదాలతో తన్నుకుంటూ అవతలికి చేర్చేవారట.

సాయంత్రం అమ్మకి చెప్పాను. సొరంగం సంగతి ఆవిడకి పట్టలేదు.

"గుర్రవా?" అంది. "గుర్రానికి దాణా పెట్టాలి గదే," అంది.

మా కాలవలు తవ్వించినవాళ్లదీ ఆ దేశమే. లాకులు తెచ్చారు, తలుపులు తెచ్చారు, లాకుల దగ్గర వాళ్లకి బంగళాలు కట్టుకున్నారు. గుర్రాన్ని తేవాల్సిన అవసరం మాత్రం వాళ్లకి రాలేదు. దాణా లేకుండా లాగేవాళ్లు మా ఊళ్లో దొరికారు. ఎంత ఆలోచించినా ఇందులో మురిసిపోవాల్సింది నాకు కనపడదు, మా అంకుల్‌కి మాత్రం కనపడింది.

శనివారం ఆయన మమ్మల్ని భోజనానికి పిలిచారు. ఇంకో రెండు కుటుంబాలు కూడా వచ్చాయి. వడ్డనకి ముందే మొదలుపెట్టారు, వాళ్ల నాయనమ్మ పడవలో పరుపు వేయించుకుని పుట్టింటికి ఎలా వెళ్లేదో. ఎన్నిసార్లు విన్నానో ఆ పరుపు సంగతి. మా తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్నట్టు. అమ్మ తల వంచుకుని వింది. ఆ పడవ ఏదో, లాగిందెవరో ఆవిడకి తెలిసే ఉంటుందని నాకు అనుమానం.

ఆంటీ చందువ చేపలు వేయించింది, మనిషికొకటి. అమ్మ పైపక్క తినేసి, నడిముల్లు పట్టుకుని మెల్లగా పైకి తీసి ప్లేటు అంచున పెట్టి, కిందిపక్క తినడం మొదలుపెట్టింది. చేపని తిరగెయ్యలేదు. మా ఇంట్లో ఎవరం తిరగెయ్యం. తిరగేస్తే పడవ తిరగబడ్డట్టే. కడిగిన గిన్నెలు కూడా బోర్లించం, గోడకి వాల్చి నిలబెడతాం. మునిగింది అన్న మాట ఇంట్లో వినపడకూడదు. ఎసట్లో బియ్యం మునిగాయా అని అడగాలన్నా నీళ్లు పైకొచ్చాయా అని అడుగుతాం. ఇక్కడి పాత పడవల చైనావాళ్లకి కూడా చేప దగ్గర ఇదే పట్టింపు ఉందని తరవాత విన్నాను. హాస్టల్లో చదువుకునేటప్పుడు నా భాషలోంచి చాలా మాటలు ఏరి పారేశాను గానీ, చేప మటుకు నేనూ తిరగెయ్యలేను, చెయ్యి రాదు.

అంకుల్ మాట్లాడుతున్నవారు ఆగిపోయారు. అమ్మ ప్లేటు కేసి చూస్తున్నారు.

"అమ్మగారూ, ఆ చేప ఇటు తిప్పండి చూద్దాం," అన్నారు.

అమ్మ చెయ్యి ఆగింది. "వద్దులెండి బాబూ," అంది.

"తిప్పండి, ఏం కాదు. మా నాయనమ్మ చెప్పేదండీ, పడవోళ్లు చేప తిరగెయ్యరని. మా చిన్నప్పుడు వాళ్లకి చేపలు పెట్టి సరదాకి తిప్పమనేవాళ్లం. ప్రాణం పోయినా తిప్పేవాళ్లు కాదు. మీరు పడవోళ్లేనా?"

"ఆయ్," అంది అమ్మ.

మా వైపు ఔనండీ అనడానికి ఆ ఒక్క మాట చాలు. అంకుల్ తొడ మీద చరుచుకున్నారు. "ఆ ఆయ్ అన్న మాట విని ఎన్నాళ్లయిందో," అని పక్కాయన కేసి తిరిగి, "ఆథెంటిక్ అండీ, హండ్రెడ్ పర్సెంట్ ఆథెంటిక్," అన్నారు. ఏదో సంతలో మంచి సరుకు దొరికినట్టు ఆయన మొహం వెలిగిపోయింది. నా ఒళ్లు మండిపోయింది. సరదాకి తిప్పమనేవారట. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. తినే చేప దగ్గర ఆ మనుషుల భయాన్ని చూసి నవ్వుకున్న ఇల్లు అది, నవ్వుకున్నామని ఇప్పటికీ సంతోషంగా చెప్పుకుంటోంది.

ఆంటీ భోజనాలయ్యాక పాయసం తెచ్చింది. అందరికీ స్టీలు గిన్నెల్లో తెచ్చింది, అమ్మకీ నాకూ పేపరు కప్పుల్లో తెచ్చింది. గిన్నెలు తక్కువయ్యాయి అంది. షెల్ఫులో గిన్నెలు వరసగా బోర్లించి ఉన్నాయి. నేను తాగలేదు. అమ్మ తాగింది, బావుందమ్మా అని కూడా అంది.

అప్పుడు అంకుల్ అసలు సంగతికొచ్చారు. మర్నాడు తెలుగు ఫ్యామిలీలన్నిటికీ నది మీద ఒక బోటు మాట్లాడి ఉంచారట. కాలవ రోజులు అని దానికో థీమ్. పులిహోర, బూరెలు, అందరూ పంచెలూ చీరలూ కట్టుకుని రావడం. ఇప్పటిదాకా ఏదో లోటుగా ఉందట, ఇప్పుడది తీరిందట.

"అమ్మగారు పడవ లాగేవాళ్ల పాట పాడాలి. మా పిల్లలకి మన హెరిటేజ్ తెలియాలి కదండీ. చిన్నప్పుడు ఆ పాట వింటూ నిద్రపోయేవాణ్ణి పడవలో."

"అమ్మ పాడదు అంకుల్," అన్నాను. "పడవలో కూర్చోవాలని ఆవిడకి ఎప్పట్నించో కోరిక. వస్తే కూర్చుంటుంది, అంతే."

ఆయన నవ్వారు. "కూర్చోమను, ఎవరొద్దన్నారు. పాట రెండు నిమిషాలు. అన్నట్టు నీ ఎక్స్‌టెన్షన్ సంగతి సోమవారం చూడాలి, గుర్తు చెయ్యమ్మా."

అమ్మకి ఇంగ్లీషు రాదు. కానీ వచ్చినప్పట్నించీ నేను ఫోన్లో మాట్లాడే ప్రతి మాటలోనూ ఎక్స్‌టెన్షన్ అన్న ముక్క ఆవిడ వింటూనే ఉంది. అది రాకపోతే నేను పెట్టె సర్దుకోవాలని ఆవిడకి తెలుసు. నేను మళ్లీ నోరు తెరిచేలోపు నా మోకాలి మీద చెయ్యి వేసి నొక్కింది.

"ఆయ్, పాడతానండి," అంది.

మర్నాడు అమ్మ అందరికంటే ముందు పడవెక్కింది. ముందు బల్ల మీద, నీళ్ల వైపు కూర్చుంది. కుచ్చిళ్లు సర్దుకుంది, చెప్పులు విప్పి బల్ల కిందికి తోసింది, కాళ్లు చాపింది. నేను పక్కన కూర్చోబోతుంటే, "నువ్వు ఎనక కూకో, నాకు అడ్డం రాకు," అంది నవ్వుతూ. జనం ఎక్కారు. ఊరికి అవతలి కొసనున్న బెడోక్ నించి కూడా కుటుంబాలు వచ్చాయి. మగవాళ్లంతా జరీ పంచెల్లో పెళ్లివారిలా ఉన్నారు. పడవ కదిలేలోపే అంకుల్ మైకు పట్టుకుని వచ్చారు, రెండో చేతిలో కొత్త కొబ్బరితాడు.

"అమ్మగారూ, మీరక్కడ కూర్చుంటే ఎలా. మెయిన్ ఐటమ్ మీరే. లేవండి లేవండి."

అమ్మ లేచింది. ఆ చోట్లో ఎవరిదో కెమెరా బ్యాగు కూర్చుంది.

డీజిల్ ఇంజను భగభగమంటున్న పడవ మధ్యలో అమ్మని నిలబెట్టి, తాడు కొస భుజాన వేశారు. ఎడమ భుజాన వేశారు. అమ్మ అలవాటుగా కుడి భుజానికి మార్చుకుంది. తాడు రెండో కొస పట్టుకుని పిల్లలూ పెద్దలూ వంతులవారీగా ఫోటోలు దిగారు. కొందరు వంగి లాగుతున్నట్టు నటించారు, నాలుక బయటపెట్టి ఆయాసపడుతున్నట్టు కూడా. పకపకా నవ్వులు. ఇక్కడ రోడ్డు మీద ఉమ్మితే జరిమానా. ఈ పనికి ఏ జరిమానా లేదు.

తరవాత అమ్మ పాడింది.

"తాడు లాగర తమ్ముడా, లాకు దగ్గరికొచ్చెరా" అని ఎత్తుకుంది. నేను రెండో చరణానికి బాణీ గుర్తుపట్టాను. అది నన్ను నిద్రపుచ్చిన జోలపాట. ఉయ్యాల ఉన్నచోట తాడు పెట్టింది, బుజ్జితల్లి ఉన్నచోట తమ్ముణ్ణి పెట్టింది. లాకులు, బస్తాలు, తెల్లవారుజాము, చేతికి దొరికినవన్నీ అందులో కూరింది. జనం లయకి తగ్గట్టు చప్పట్లు కొట్టారు. అంకుల్ పెద్దమ్మాయి, ఇక్కడే పుట్టిన పిల్ల, ఇక్కడి యాస ఇంగ్లీషులో "డాడీ, దిస్ ఆంటీ సో స్లో లా," అంది. అంకుల్ వినిపించుకునే స్థితిలో లేరు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటున్నారు.

"ఇదే పాట," అన్నారు మైకులో. "ఇదే. చిన్నప్పుడు రోజూ విన్నాను."

నిమిషం కిందట పుట్టిన పాటని ఆ మనిషి చిన్నప్పుడు విన్నాడు. ఆ కన్నీళ్లు దొంగవి కావు, అదే ఇంకా రోత. నేను వెళ్లి అమ్మ భుజం మీంచి తాడు తీసి కింద పడేశాను. "చాలు అంకుల్," అన్నాను. ఆయన నవ్వి, అంత్యాక్షరి మొదలుపెట్టారు. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, దాటాక బోడి మల్లయ్య. ఆ తరవాత అమ్మ కేసి ఎవరూ చూడలేదు. ముందు బల్లల మీద జనం ఇరుక్కుని కూర్చున్నారు. ఆంటీ పులిహోర పొట్లాల డబ్బా అమ్మ చేతికిచ్చి, "కాస్త అందరికీ అందిస్తారా," అంది. అందించడం పూర్తయ్యేసరికి పడవ ఒడ్డుకొచ్చింది.

ఎక్స్‌టెన్షన్ వచ్చింది. తీసుకున్నాను.

ఆ రోజు తిరిగొస్తూ రైల్లో అమ్మని అడిగాను, జోలపాట ఎందుకు పాడావని.

"నాకొచ్చింది అదొక్కటే గదే."

"మరి లాగేటప్పుడు ఏం పాడేవారు?"

అమ్మ నా కేసి వింతగా చూసింది. "పాటెక్కడిదే? ఊపిరుంటేగా పాడ్డానికి," అంది. తరవాత, "గట్టిగా దగ్గినా లోపల పడుకున్నోళ్లు తిట్టేవోళ్లు," అని, బూట్ల మీద సిమెంటు మరకలున్న మన కుర్రాళ్లిద్దరు ఎక్కితే, జరిగి వాళ్లకి చోటిచ్చింది.

తరవాతి ఆదివారం మేమిద్దరమే వెళ్లాం. నేను రెండు టిక్కెట్లు కొని, ఒకటి అమ్మ చేతిలో పెట్టాను. పడవ దగ్గరున్న చైనా పెద్దాయన దాన్ని చింపి సగం తిరిగిచ్చాడు. అమ్మ ముందు బల్ల మీద కూర్చుంది. ఎవరూ లేవమనలేదు. పడవ కదిలింది. స్పీకర్లో ఎవరో ఇంగ్లీషులో నది కథ చెబుతున్నారు. కూలీలు మోసిన బస్తాల సంగతి చెప్పేటప్పుడు వెనక మెత్తటి సంగీతం పెట్టారు. నేను తల తిప్పుకున్నాను. ఇవాళ అమ్మ రోజు, నా కోపంతో పాడుచెయ్యకూడదు అనుకున్నాను.

అమ్మ నీళ్లు చూడలేదు. పెద్ద పెద్ద బ్యాంకుల భవనాలు చూపించాను, వాటినీ చూడలేదు. ఒడ్డు మీద నడిచే మనుషుల్నే చూస్తోంది. ఒకళ్లు వెనకపడితే తరవాతివాళ్లని. మెట్ల మీద సెలవు రోజు గడుపుతున్న మన కుర్రాళ్లు నలుగురు కూర్చుని, పొట్లాలు విప్పుకుని తింటున్నారు.

"ఆ చివరాడి చొక్కాకి గుండీ లేదు," అంది అమ్మ.

"అవునా?"

"ఏడిచేడో ఏంటో, కళ్లు వాచి ఉన్నాయి."

నేనూ చూశాను. నిజమే, వాచి ఉన్నాయి.

అమ్మ మళ్లీ మాట్లాడినప్పుడు నా కేసి తిరగలేదు.

"పడవలోంచి కిళ్లీ ఉమ్మేవోళ్లే మా మీద. గట్టు దగ్గరగా వచ్చినప్పుడు. మీ తాత తల మీద, నా మీద. ఎంగిలాకులు ఇసిరేవోళ్లు. ఓపాలి ఎవరో పిల్లాడికి కడిగిన నీళ్లు పోసేరు నెత్తి మీద. నేను ఏడిత్తే మీ తాత చెప్పేవోడు, ఆళ్లకి మనం ఆనం తల్లీ, పడవలో కూకున్నోళ్లకి గట్టు మీదోళ్ల మొకాలు కనపడవు, తెలిసి చేత్తారేంటి అని."

ఈ సంగతి అమ్మ నాకు అంతకుముందెప్పుడూ చెప్పలేదు.

"నేను నమ్మేనే," అంది. "ఇన్నాళ్లూ అదే అనుకున్నాను."

మెట్ల మీద కుర్రాడు మమ్మల్ని చూసి చెయ్యి ఊపాడు. అమ్మ ఊపలేదు.

"అన్నీ కనపడతన్నాయి," అంది.

ఇంకా సగం దూరం ఉంది. అమ్మ బల్ల మీంచి లేచి నిలబడింది. పెద్దాయన కూర్చోమని చేత్తో సైగ చేశాడు. నేను కొంగు పట్టుకుని లాగాను. పడవ ఒడ్డు చేరేదాకా అమ్మ మళ్లీ కూర్చోలేదు.